నలుపా, వెండి రంగా?

మన సరిహద్దు జిల్లాల వాళ్లు విదేశీ కెమెరా కోసం ఒకప్పుడు మద్రాసు రైలెక్కేవారు. బీచ్ స్టేషను దగ్గర, బర్మా కాందిశీకుల కోసం 1969లో వెలసిన బర్మా బజారులో బేరమాడేవారు. అక్కడ తేలని సందేహం ఒకటే: నల్లదా, వెండి రంగుదా?

దీనికో చరిత్ర ఉంది. 1925లో జర్మనీలో అమ్మకానికొచ్చిన లైకా నల్లదే. వాడేకొద్దీ రంగు అరిగి, అడుగునున్న ఇత్తడి బయటపడేది. 1933లో క్రోమియం పూత వచ్చింది. అది గట్టిగా మన్నింది. మెరవదు, ఎదుటివారి కంట పడదు కనుక పత్రికా ఛాయాగ్రాహకులు మాత్రం నలుపునే ఇష్టపడ్డారు. 1959 నాటి నికాన్ ఎఫ్ రెండు రంగుల్లోనూ దొరికింది.

మెరీనా ఎండలో నలుపు త్వరగా వేడెక్కుతుంది; ఫిల్ముకు వేడి పడదు. అయితే ఒకటి గమనించండి. పైన ఏ రంగున్నా కెమెరా లోపల నలుపే. బొమ్మ పడేది ఆ చీకట్లోనే. కనుక పాత కెమెరా కొనేటప్పుడు పైమెరుగు కన్నా ముందు కటకం, షట్టరు చూసుకోండి.