వర్లీ టవరు, మన గల్లీలు

1972 అక్టోబరు 2, గాంధీ జయంతి నాడు బొంబాయిలో టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. ఢిల్లీ తర్వాత ఆ భాగ్యం దక్కిన నగరం మనదే. ఢిల్లీలో 1959 సెప్టెంబరు 15న ప్రయోగంగా మొదలైన టీవీ, రోజూ వచ్చే ప్రసారంగా మారడానికి 1965 దాకా ఆగాల్సి వచ్చింది. అది వర్లీ చేరేసరికి మరో ఏడేళ్లు గడిచాయి. 2022లో ఆ వర్లీ కేంద్రానికి యాభై ఏళ్లు నిండాయి. తెర మీద కనిపించినవాళ్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. నేను తెర ముందు కూర్చున్నవాళ్ల గురించి రాస్తాను. అందులోనూ కామాటిపుర గల్లీల్లో, వర్లీ, లోయర్ పరేల్ చాళ్లలో, అంటే మిల్లు కూలీల ఒంటిగదుల మేడల్లో కూర్చుని, తమది కాని భాషలో వచ్చిన టీవీని తమదిగా చేసుకున్న తెలుగువాళ్ల గురించి.

మనవాళ్లు ఈ ఊరికి నిన్నగాక మొన్న వచ్చినవాళ్లు కారు. కామాటిపుర అన్న పేరే కామాటీల వల్ల వచ్చింది. నిజాం రాజ్యంలోని పల్లెల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు ఈ ఊళ్లో పల్లపు నేలలు పూడ్చారు, రోడ్లు వేశారు, రాయి మీద రాయి పెట్టి మేడలు లేపారు. కూలికి వచ్చినవాళ్లలో కొందరు పేరున్న కాంట్రాక్టర్లయ్యారు. జోతిబా ఫూలే సత్యశోధక ఉద్యమానికి అండగా నిలిచినవాళ్లలో బొంబాయి తెలుగు కాంట్రాక్టర్లు ఉన్నారని మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. ఆ తర్వాత పద్మశాలీలు బట్టల మిల్లుల్లో చేరి వర్లీ, ప్రభాదేవి వైపు చాళ్లలో కుదురుకున్నారు. కార్పొరేషన్ తెలుగు మీడియం బడులు నడిపింది. కామాటిపుర అనగానే బయటి లోకానికి గుర్తొచ్చేది వేశ్యావాటిక ఒక్కటే. ఆ గల్లీల్లోనే తరతరాలుగా కాపురాలు చేసి, పిల్లల్ని చదివించి, బతుకమ్మ ఆడిన ఇళ్లు ఆ లోకం కంటికి ఆనలేదు.

ఇంత పాత తెలుగు జనం ఉన్న ఊళ్లో టీవీ ఏ భాషల్లో మాట్లాడింది? మరాఠీ, హిందీ, గుజరాతీ, ఇంగ్లీషు. మరాఠీ వార్తలు చదివినవాళ్లలో స్మితా పాటిల్ ఒకరు. సినిమాల్లోకి వెళ్లకముందే ఆమె మొహం చాళ్లకు తెలుసు. రైతుల కోసం 'ఆమ్చీ మాతీ ఆమ్చీ మాణసం', హాస్యనాటికల కోసం 'గజ్‌రా', గుజరాతీవాళ్ల కోసం 'ఆవో మారీ సాథే', సినిమావాళ్ల ముచ్చట్లకు తబస్సుమ్ 'ఫూల్ ఖిలే హై గుల్షన్ గుల్షన్', పాటలకు 'ఛాయాగీత్'. శనివారం మరాఠీ సినిమా, ఆదివారం హిందీ సినిమా. తెలుగుకంటూ కేటాయించిన వేళ లేదు. తెలుగు బొమ్మ చూడాలంటే మాటుంగాలో అరోరా టాకీసు దాకా వెళ్లాలి, టికెట్టు కొనాలి.

అయినా మనవాళ్లు ఆ టీవీని ఎంత ఇష్టంగా చూశారో చెప్పాలంటే మా చాళ్ల సంగతి చెప్పాలి. మా అంతస్తు మొత్తానికి ఒకటే టీవీ. అది మిల్లులో జాబరుగా, అంటే కూలీల మేస్త్రీగా చేసే ఒక పెద్దాయన ఖోలీలో ఉండేది. పది అడుగుల గది. ఒక మూల స్నానానికీ గిన్నెలకీ మోరీ, ఇంకో మూల కిరసనాయిలు స్టవ్వు, పైన అటక, ఇనప బీరువా మీద టీవీ. చెక్క పెట్టెకు రెండు పక్కలా జరిగే షట్టరు, షట్టరుకు తాళం. తెర మీద నీలిరంగు ప్లాస్టిక్ అద్దం ఒకటి బిగించారు, కళ్లకు మంచిదని. సాయంత్రం ఆ తాళం తీసేది ఆయన భార్య. మాకెవరికీ ఆమె చుట్టం కాదు, అందరికీ అత్తే. తాళం తీసే చప్పుడు వినిపిస్తే చాలు, గ్యాలరీ పొడుగునా తలుపులు తెరుచుకునేవి. ముందు వరసలో పిల్లలు, వెనక ఆడవాళ్లు, గడప అవతల గ్యాలరీలో నిలబడి మగవాళ్లు. చెప్పులు మెట్ల దాకా. "జర జరుగుర్రి, చిన్నపోరలకు కనిపిస్తలేదు" అని అత్త లోపలి నుంచి కేకేసేది. కొన్ని చాళ్లలో పిల్లల దగ్గర పావలా పుచ్చుకునేవారు. ఆమె ఏనాడూ ఎవరి దగ్గరా పైసా ముట్టలేదు. ఆదివారం సినిమా అయిపోయి చివరి మనిషి లేచి వెళ్లేదాకా ఆ ఇంట్లో కంచాలు వేసేవారు కాదు. సినిమా నడుమ అన్నం తింటే చూడ్డానికి వచ్చినవాళ్లు మొహమాటపడతారని.

ఉచిత ప్రసారం అన్న మాట వినగానే నాకు ముందు గుర్తొచ్చేది ఆ అత్తే. నిజానికి అప్పట్లో టీవీ పూర్తిగా ఉచితం కాదు. సెట్టు ఉన్నవాళ్లు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టాలి. ఆ లైసెన్సు పద్ధతి 1985లో గానీ పోలేదు. అంటే రుసుము ఒక్క ఇల్లు కట్టేది, అంతస్తంతా చూసేది. సర్కారు టవరు కట్టి బొమ్మను గాల్లోకి వదిలింది. దాన్ని పేదల ఇళ్లకు పంచినవాళ్లు మాత్రం ఇలా తలుపు తెరిచి ఉంచినవాళ్లే. దూరదర్శన్ చరిత్ర రాసేవాళ్లు వీళ్లకు ఒక్క పేజీ అయినా ఇవ్వాలి.

ఆ బొమ్మ ఎలా వచ్చేదో కూడా చెబుతాను. టీవీ తరంగాలు దాదాపు తిన్నగా సాగుతాయి; భూమి వంపు తిరిగిన చోట అందవు. అందుకే వర్లీలో 300 మీటర్ల టవరు నిలబెట్టారు. కామాటిపుర అక్కడికి నాలుగైదు కిలోమీటర్లే. పుణెవాళ్లకు 1973లో సింహగడ్ మీద వేరే ట్రాన్స్‌మిటర్ పెట్టాల్సి వచ్చింది గానీ, మనకు సెట్టు నెత్తిన పెట్టే రెండు పుల్లల యాంటెన్నాతోనే బొమ్మ పడేది. చిక్కల్లా మిల్లు పొగగొట్టాలతో, ఎత్తయిన మేడలతో. తరంగం వాటికి తగిలి కాస్త ఆలస్యంగా వచ్చి పడితే, వార్తలు చదివే మనిషి పక్కనే అదే మనిషి నీడ. యాంటెన్నా పుల్ల పట్టుకుని కదలకుండా నిలబడే పని ఎప్పుడూ ఓ కుర్రాడి మీద పడేది.

ఇక్కడే ఒక చిత్రమైన సంగతి ఉంది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా ఏడాది పాటు దేశంలో 'సైట్' అన్న ప్రయోగం జరిగింది. అమెరికా నుంచి ఎరువు తెచ్చుకున్న ఏటీఎస్-6 ఉపగ్రహంతో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ చూపించారు. ఆ ఆరింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఎంచుకున్న జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది, మెదక్ ఉంది, కర్నూలు ఉంది. కోళ్ల గూటికి వేసే జాలీ లాంటి ఇనప వలతో చేసిన గొడుగును పంచాయతీ ఆఫీసు దగ్గరో బడి దగ్గరో ఆకాశం వైపు తిప్పి పెట్టారు. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం ఊరందరికీ. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పాటలు. అదీ తెలుగులో. ఆ సెట్లను తయారుచేసింది హైదరాబాదులోని ఈసీఐఎల్. ఆ సంస్థే తర్వాత 'ఈసీ టీవీ' పేరుతో దేశమంతా సెట్లు అమ్మింది.

ఆ మహబూబ్‌నగర్, అంటే మన పాలమూరు, కామాటిపురకు పుట్టిల్లు లాంటిది. కూలికి బొంబాయి రైలెక్కిన కొడుకు ఇక్కడ చాళ్లో మరాఠీ వార్తలు చూస్తున్న రోజుల్లోనే, అక్కడ సొంత జిల్లాలో కరెంటు సరిగా లేని పల్లెల జనం రచ్చబండ ముందు తెలుగు టీవీ చూశారు. ఇంత పెద్ద నగరంలో, టవరు కింద బతుకుతున్నవాడికి దొరకని తెలుగు, జొన్నచేల మధ్య ఉన్నవాళ్లకు దొరికింది. ఏడాది తిరగ్గానే ఉపగ్రహం వెళ్లిపోయింది. హైదరాబాద్ కేంద్రం 1977 అక్టోబరు 23న మొదలైంది. 1983 నవంబరు 14 నుంచి అక్కడ శాంతిస్వరూప్ తెలుగు వార్తలు చదివారు. ఎదురుగా అక్షరాలు చూపించే యంత్రం లేని కాలంలో వార్తలన్నీ గుర్తుపెట్టుకుని మరీ చెప్పారు. మనం ఆయన్ను చూసింది మాత్రం ఊరికి పోయినప్పుడే. హైదరాబాద్ టవరు బొమ్మ బొంబాయి చేరే దారి లేదు.

1976 ఏప్రిల్ 1న దూరదర్శన్ ఆకాశవాణి నుంచి విడిపడింది. పండిట్ రవిశంకర్ సమకూర్చిన దూరదర్శన్ సంకేత రాగం చెవిన పడగానే వంటింట్లో ఉన్నవాళ్లు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చేవాళ్లు.

తర్వాత 1982. టీవీ చరిత్రలో అది రంగుల సంవత్సరం. ఆగస్టు 15న రంగుల ప్రసారం, ఢిల్లీ నుంచి దేశమంతటికీ ఒకే జాతీయ కార్యక్రమం, నవంబరులో ఆసియా క్రీడలు. మన చాళ్లకు మాత్రం అది సమ్మె సంవత్సరం. జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పనిలోంచి బయటికొచ్చారు. మళ్లీ లోపలికి వెళ్లనివాళ్లే ఎక్కువ. పద్మశాలీ కుటుంబాలు ఎన్నో భివండీ మరమగ్గాలకు, కొన్ని తిరిగి ఊళ్లకు సామాన్లు సర్దుకున్నాయి. మా అంతస్తులో ఉన్న ఆ ఒక్క టీవీ కూడా ఆ ఏడాదే అమ్ముడుపోయింది. ముందు అత్త గాజులు వెళ్లాయి, తర్వాత బీరువా మీది పెట్టె. కొన్నవాళ్లు వచ్చి పట్టుకెళ్లేటప్పుడు నీలం అద్దం ఊడదీసి మా చేతిలో పెట్టింది, ఆడుకోండని. ఆసియా క్రీడలు మేం పక్క గల్లీలో, గణపతి మండలి వాళ్లు బయట పెట్టిన సెట్టులో చూశాం. దేశం రంగుల్లోకి మారిందన్న మాట ఎక్కడ చదివినా నాకు ఆ ఖాళీ బీరువాయే కనిపిస్తుంది.

రామాయణం సీరియల్ నాటికి, అంటే 1987 జనవరి 25 నాటికి, చాళ్లో మూడు నాలుగు సెట్లు వచ్చాయి. రామానంద్ సాగర్ హిందీ మన ముసలమ్మలకు ఎక్కడిది? ప్రతి గదిలో బడికి పోయే ఒక ఆడపిల్ల తెర పక్కన కూర్చుని మాట మాటకూ తెలుగు చెప్పేది. ఊళ్లో చిరుతల రామాయణం చూసి పెరిగిన అవ్వలు కథ తప్పితే ఊరుకునేవాళ్లు కాదు. "గట్ల కాదే, కైక అప్పుడే అడగలే" అని ఆపేవాళ్లు. పిల్లకు హిందీ వచ్చు, అవ్వకు రామాయణం వచ్చు. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు ఇద్దరూ కలిసి ఒక తెలుగు రామాయణం తయారుచేశారు. అది ఏ టేపులోనూ లేదు.

టీవీ మనకు మరాఠీ కూడా నేర్పింది. వీధిలో పని నడిచే మరాఠీ అందరికీ వచ్చు. నాటకం చూసి నవ్వే మరాఠీ, వార్త విని వాదించే మరాఠీ మాత్రం వర్లీ కేంద్రం పెట్టిన భిక్షే. మా తరంలో మునిసిపల్ తెలుగు బడిలో చదివి మరాఠీలో సభలు నడిపినవాళ్లున్నారు. ఆ రుణం ఒప్పుకోవాలి. ఆదివారం మధ్యాహ్నం వివిధ భాషల బహుమతి చిత్రాలు వేసే రోజుల్లో, తెలుగు వంతు వచ్చిన వారం మా గ్యాలరీలో మరాఠీ ఇరుగుపొరుగు కూర్చుని కింద ఇంగ్లీషు అక్షరాలు చదువుకునేవాళ్లు. ఆ రెండు గంటలు అర్థం చెప్పే పెద్దరికం మనది.

1990ల్లో కేబులు వచ్చింది. 1995 ఆగస్టు 27న ఈటీవీ, అదే ఏడాది జెమిని. చాళ్లకు తెలుగు పొద్దస్తమానం దొరికింది. కాకపోతే నెల నెలా కేబులువాడికి డబ్బులు. తెలుగు ఉన్నప్పుడు ఉచితం పోయింది, ఉచితం ఉన్నప్పుడు తెలుగు లేదు. ఈ రెండూ మొదటిసారి కలిసింది 2004 డిసెంబరు 16న వచ్చిన డీడీ డైరెక్ట్ ప్లస్‌తో. ఇప్పుడు దాని పేరు డీడీ ఫ్రీ డిష్. గొడుగు, పెట్టె ఒకసారి కొంటే చాలు, నెల కిరాయి లేదు. హైదరాబాద్ నుంచి యాదగిరి, విజయవాడ నుంచి సప్తగిరి అందులో వస్తాయి. పాలమూరు నుంచి ఇవాళ్టికీ కట్టుబడి పనులకు వచ్చే కూలీలు రేకుల షెడ్ల మీద ఆ గొడుగు బిగించుకుంటున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రోజుల్లో, 28వ తేదీ నుంచి పాత రామాయణం మళ్లీ వేసినప్పుడు, పని లేక, రైలు లేక చిక్కుకుపోయిన మనుషులకు ఆ ఉచిత గొడుగే తోడయింది.

వర్లీ కేంద్రం నుంచి ఇప్పుడు సహ్యాద్రి చానెల్ నడుస్తోంది. యాభై ఏళ్లు దాటిన ఆ కేంద్రాన్ని నేను కోరేది ఒక్కటే. ఆ స్టూడియోలో వారానికి అరగంట తెలుగుకు ఇవ్వాలి. కింద మరాఠీ అక్షరాలు వేయాలి, మన పొరుగువాళ్లూ చూడాలి. హైదరాబాదులో తీసిన కార్యక్రమాలు మనకు అందుతున్నాయి, సంతోషం. కానీ కామాటిపుర కథను హైదరాబాద్ ఎందుకు తీస్తుంది? దాన్ని ముంబైయే తీయాలి. సరుకు కావలసినంత ఉంది. మిల్లు భోంగా కూతకు లేచినవాళ్లు ఇంకా ఉన్నారు. సమ్మె రోజుల్లో ఇల్లు నడిపిన ఆడవాళ్లు ఉన్నారు. తెలుగు బడుల్లో చెప్పిన పంతుళ్లు ఉన్నారు. ఊరి నుంచి మోసుకొచ్చిన బతుకమ్మ పాటలకు బొంబాయి మాటలు కలిపి పాడేవాళ్లు ఉన్నారు.

ఆలస్యం చేసే వీలు లేదు. వర్లీ బీడీడీ చాళ్ల పునర్నిర్మాణానికి 2021 ఆగస్టులో భూమిపూజ అయింది. కామాటిపుర పాత ఇళ్ల బదులు టవర్లు కట్టాలన్న ప్రణాళికలు సాగుతున్నాయి. కొత్త ఇళ్లు రావాలి, మన పిల్లలకు మోరీ పక్కన పడుకునే బతుకు పోవాలి. కానీ మిగిలిన పాత గ్యాలరీలు పడగొట్టే ముందే కెమెరా రావాలి. మన సంఘాలన్నీ కలిసి ఒక్క ఉత్తరం రాసి, చేతులారా వర్లీ కేంద్రంలో ఇచ్చి రావాలి. టవరు నుంచి చాళ్లు ఎంత దూరమో, చాళ్ల నుంచి టవరూ అంతే దూరం.