కనిపించని జబ్బుకు బొమ్మల కథ

మధుమేహం కంటిలో చేసే నష్టాన్ని మొదట నమోదు చేసింది చిత్రకారుడి చేయి కూడా ఉన్న ఒక వైద్యుడు. 1851లో హెల్మ్‌హోల్ట్స్ ఆఫ్తాల్మోస్కోపును ప్రకటించడంతో, బతికున్న మనిషి రెటీనాను చూడడం సాధ్యమైంది. కొద్ది సంవత్సరాలకే వియన్నా వైద్యుడు ఎడ్వర్డ్ యేగర్ మధుమేహ రోగి రెటీనాలోని మార్పులను వర్ణించాడు. కెమెరా కంటి లోపలికి ఇంకా చేరని ఆ రోజుల్లో, రెటీనాలో తాను చూసినదాన్ని ఓపికగా రంగుల్లో చిత్రించినవాడాయన.

అయితే వందేళ్ళ పాటు ఈ పరిశీలన జబ్బును చూపించగలిగిందే కాని చూపును నిలబెట్టలేకపోయింది. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో జర్మన్ వైద్యుడు మేయర్-ష్విక్కెరాత్ తీవ్రమైన కాంతితో రెటీనాకు చికిత్స చేసే పద్ధతిని అభివృద్ధి చేశాడు. ఆ దారిలోనే లేజర్ వచ్చింది. అమెరికాలో జరిగిన డయాబెటిక్ రెటినోపతీ స్టడీ 1976లో ఫలితాలు వెల్లడించింది: ముదిరిన రెటినోపతీలో ఈ చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గిస్తుంది. 1989 నాటి సెయింట్ విన్సెంట్ ప్రకటన, మధుమేహం వల్ల కొత్తగా కలిగే అంధత్వాన్ని కనీసం మూడో వంతు తగ్గించాలని ఐరోపా దేశాలను కోరింది. ఇంగ్లండ్ 2003లో జాతీయ స్క్రీనింగ్ మొదలుపెట్టి, పన్నెండేళ్ళు నిండిన మధుమేహ రోగులందరినీ రెటీనా ఫోటోకు పిలవసాగింది. 2009–10 నాటి లెక్కల్లో, ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే వయసువారి అంధత్వానికి ప్రధాన కారణాల్లో రెటినోపతీ మొదటి స్థానం నుంచి దిగింది. అయిదు దశాబ్దాలలో అది మొదటిసారి.

పిలుపు అందినా రానివారి సమస్య మాత్రం మిగిలింది. ఈ జబ్బు తొలిదశలో నొప్పి ఉండదు, చూపు మసకబారదు. బాగా కనిపిస్తున్న కంటికి పరీక్ష ఎందుకన్న ప్రశ్నకు కరపత్రంలోని గణాంకాలు జవాబు చెప్పలేవు. ఇక్కడే కథ అవసరమవుతుంది.

1940లలో ఇటలీలో పుట్టిన ఫోటోనోవెలా, అంటే ఫోటోలూ సంభాషణలతో నడిచే కథ, లాటిన్ అమెరికాలో ఇంటింటి వినోదమైంది. అమెరికాలోని ఆరోగ్య కార్యకర్తలు స్పానిష్ మాట్లాడే కుటుంబాల కోసం ఆ రూపాన్నే తీసుకుని మధుమేహం గురించి చెప్పారు. తెలుగువారికీ ఇది కొత్త కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు గీసిన పటాలను విప్పుతూ కథకులు కులపురాణాలు వినిపించేవారు. పటంలో ఉన్నది తమ కథేనన్న నమ్మకమే వినేవారిని కూర్చోబెట్టింది.

కంటి పరీక్ష కథకూ కావలసింది ఆ నమ్మకమే. గుడ్డితనం బొమ్మతో బెదిరిస్తే భయపడ్డవాడు పరీక్షకే దూరం జరగవచ్చు. చుక్కలమందు వేస్తే కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుందనీ, తోడు ఒకరిని తీసుకెళ్ళాలనీ, ఫోటో తీయడం నొప్పి కలిగించదనీ చూపే కథ ఆ భయాన్ని తగ్గిస్తుంది. "నాకు బాగానే కనిపిస్తోంది కదా" అనే తండ్రి పాత్ర అందులో తప్పక ఉండాలి. చికిత్స ఎక్కువగా ఫలించేది సరిగ్గా ఆ మాట అనగలిగిన రోజుల్లోనే.