సాయంత్రం నాలుగు దాటితే మెకానిక్ రాడు

2024 జనవరి 11. సౌదీ అరేబియాలోని రుబ్ అల్ ఖాలీ. కనుచూపు మేరా ఇసుక దిబ్బలే. డాకర్ ర్యాలీలో ఆ ఏడాది కొత్తగా పెట్టిన 48 గంటల పరీక్ష సాగుతోంది. నియమం కఠినం. సాయంత్రం నాలుగయ్యేసరికి ఎవరు ఎక్కడున్నా, దారిలో తర్వాత తగిలే మజిలీలో ఆగిపోవాలి. అక్కడ ఓ గుడారం, కాస్త తిండి, నీళ్లు. జట్టువాళ్లు రారు, మెకానిక్ రాడు. ప్రత్యర్థి ఎంత ముందున్నాడో చెప్పే దిక్కూ ఉండదు. తెల్లవారి ఏడింటికి మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేయాలి.

నాలుగు చక్రాల క్వాడ్ బైకుల విభాగంలో పోరు ఇద్దరి మధ్యే. ఒకరు 2021 విజేత, అర్జెంటీనాకు చెందిన మాన్యుయెల్ అందుహార్. మరొకరు 2022, 2023 విజేత, ఫ్రాన్స్‌కు చెందిన అలెగ్జాండర్ జిరూ. అలాంటి రాత్రి రైడరే మెకానిక్. ఎయిర్ ఫిల్టర్‌లో ఇసుక దులపాలి, చైను బిగువు చూడాలి, ముందు సస్పెన్షన్ బోల్టులు ఒక్కొక్కటీ తడిమి చూసుకోవాలి. ఒక్క బోల్టు వదులైనా పదిహేను రోజుల కష్టం ఇసుకపాలే.

జనవరి 19న యాన్బూలో రేసు ముగిసింది. అందుహార్ మొదటి స్థానం, జిరూ రెండో స్థానం, స్లొవేకియాకు చెందిన యురాయ్ వర్గా మూడో స్థానం. ముగ్గురూ ఎక్కింది యమహా రాప్టర్ 700. ఇదేమీ ఆ ఏటి విడ్డూరం కాదు. దక్షిణ అమెరికాకు తరలివెళ్లిన 2009 ర్యాలీలో చెక్ రైడర్ యోసెఫ్ మహాచెక్ గెలిచింది మొదలు 2024 దాకా 16 ర్యాలీలు జరిగాయి. క్వాడ్ టైటిల్ ప్రతిసారీ యమహాదే. అర్జెంటీనా అన్నదమ్ములు మార్కోస్, అలెహాంద్రో పాత్రొనెల్లి ఇద్దరే ఐదుసార్లు గెలిచారు.

ఎందుకింత నమ్మకం? మొదటి కారణం ఇంజిన్. రాప్టర్‌ది 686 సీసీ సింగిల్ సిలిండర్. 2006 నుంచి ఫ్యూయల్ ఇంజెక్షన్‌తో వస్తోంది. పెద్ద ఇంజిన్ కాబట్టి అదే శక్తి కోసం చిన్నదాన్ని తిప్పినంతగా తిప్పక్కర్లేదు. రోజుకు వందల కిలోమీటర్లు పరుగెత్తేచోట అదే ప్రాణం. అర గంటలోపు తేలిపోయే మోటోక్రాస్ రేసుల్లో లెక్క వేరు. అక్కడ తేలిగ్గా ఉండి, క్షణంలో పుంజుకునే 450 సీసీ బండి కావాలి. కంపెనీ పేరు కంటే ముందు రేసు స్వభావం బండిని ఎంచుతుందన్నమాట.

రెండో కారణం ఇంకా బలమైనది. మెకానిక్ రాని మజిలీలో సాయపడగలిగేది తోటి పోటీదారే. అతని దగ్గరా అదే బండి ఉంటే అతని పార్టు నీకు పనికొస్తుంది. పదిమంది ఎక్కిన బండినే పదకొండోవాడూ ఎక్కుతాడు. ఆ బండి రోగాలన్నీ అందరికీ తెలుసు, మందూ తెలుసు.

సామాను దొరికే బండే నిలుస్తుందన్న ఈ సంగతి చెన్నై టి. నగర్‌కు కొత్త కాదు. అక్కడి వీధుల్లో 1980లలో రాజ్‌దూత్ 350 మోత తెలియని కుర్రకారు తక్కువ. యమహా ఆర్‌డీ 350ని ఎస్కార్ట్స్ కంపెనీ 1983 నుంచి మన దేశంలో ఆ పేరుతో తయారుచేసింది. నెల్లూరు వెళ్లే దారిలో ఉన్న షోళవరం పాత రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ రేసులు నడిపిన కాలమది. రాజ్‌దూత్ 350 ఇంజిన్ బోరు 64 మిల్లీమీటర్లు, స్ట్రోకు 54. రెండు సిలిండర్లు కలిపి 347 సీసీ.

సరిగ్గా అవే కొలతలతో, నీటితో చల్లబడే ఇంజిన్‌ను యమహా 1987లో బాన్షీ అనే క్వాడ్‌కు అమర్చింది. అమెరికాలో అది 2006 దాకా అమ్ముడుపోయింది. ఇసుక దిబ్బల్లో తిరిగే బాన్షీకి పిస్టన్లు, పైపులు, సిలిండర్లు చేసి అమ్మే చిన్న కంపెనీలు చుట్టూ పుట్టుకొచ్చాయి. మన దగ్గర రాజ్‌దూత్ 350 మాత్రం దశాబ్దం తిరక్కుండానే ఆగిపోయింది. పెట్రోలు ఎక్కువ తాగేది, స్పేర్లు ఖరీదు. “అన్నా, దీనికి సామాను దొరుకుతుందా?” అన్న ప్రశ్నకు జవాబు లేని బండి ఎంత వేగంగా పోయినా నిలవదు. 1985లో వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఏ షెడ్డులోనైనా బాగుపడేది. అందుకే అది ఇంటింటి బండి అయింది.

అయితే ఒకే బండి మీద పెట్టుకునే నమ్మకానికి ఓ చీకటి కోణం ఉంది. హోండా టీఆర్‌ఎక్స్ 450ఆర్ తయారీ 2014తో ఆగింది. సుజుకీ, కవాసాకీ కూడా పెద్ద స్పోర్ట్ క్వాడ్లను వదిలేశాయి. పోటీ కంపెనీలు తప్పుకోవడంతో రైడర్ల ఇష్టం కాస్తా గత్యంతరం లేనితనంగా మారింది. 2025 డాకర్‌లో క్వాడ్ విభాగాన్నే తీసేశారు. ఏ ఆటకైనా ఒక్క బండి మీదే బతుకు ఆధారపడటం ప్రమాదం. ఇవాళ మన కుర్రాళ్లు రేసింగ్‌లోకి వస్తామంటే, గెలిచిన బండి పేరు చూపించి ఊరుకోవద్దు. ఆ బండిని విప్పి బిగించడం నేర్పే షెడ్డు, పార్టు తయారుచేసే లేత్ మిషను, పోటీగా నిలిచే రెండో కంపెనీ, ఈ మూడూ వాళ్లకు కావాలి.