లెక్కల మాత్రలు

అవధానమను మాట తెలుగువారికి క్రొత్తది కాదు. ఎనిమిదిమంది ఎనిమిది దిక్కుల నుండి మనస్సును లాగుచుండగా దానిని చెదరనీయక నిలుపుకొను పండితుని మనము సభలలో శాలువలు కప్పి సత్కరించుచున్నాము. ఒక్క దిక్కున, ఒక్క లెక్కమీద, పది నిమిషములైనను మనస్సు నిలుపలేని బాలుని మాత్రము ‘కుదురు లేనివాడు’ అని మందలించి, బెంచీ యెక్కించి, అంతటితో మన పని తీరినదనుకొంటిమి. ఆ కుదురులేమి కొందఱి యందు వైద్యుడు చూడదగిన రుగ్మతయని నేటి శాస్త్రము చెప్పుచున్నది. దానిని అవధానలోప–అతిచాంచల్య రుగ్మత యనియు, ఆంగ్లాక్షరములతో ఏ.డి.హెచ్.డి. యనియు వ్యవహరించుచున్నారు.

ఈ రుగ్మత చరిత్రలో ఒక విచిత్రము కలదు. సాధారణముగా వైద్యులు రోగమును ముందు గుర్తింతురు. మందును పిదప వెదకుదురు. ఇచ్చట మందు ముందు దొరకినది. రోగమునకు ఇప్పటి పేరు ఏర్పడుటకు మఱి యేబది యేండ్లు పట్టినది. ఆ మందు ఎవరికి ఈయదగును, ఎవరికి ఈయరాదు అను ప్రశ్న మాత్రము నేటికిని పరిశోధకులను విడువలేదు.

కుదురులేని పిల్లలను గూర్చి వైద్యులు అంతకు పూర్వము వ్రాయకపోలేదు. స్కాట్లండు వైద్యుడగు అలెగ్జాండర్ క్రైటన్ 1798లోనే అవధానము నిలువని మనుష్యులను వర్ణించెను. 1902లో లండను నగరమున జార్జి స్టిల్ అను శిశువైద్యుడు రాయల్ కాలేజి ఆఫ్ ఫిజీషియన్స్‌లో మూడు ఉపన్యాసములిచ్చుచు, బుద్ధిమాంద్యము లేకయే తమ్ము తాము అదుపులో నుంచుకొనలేని ఇరువదిమంది పిల్లలను గూర్చి చెప్పెను. వారిలో పదునైదుగురు బాలురు. ఆయన దీనికి నైతిక నిగ్రహలోపమను పేరు పెట్టెను. ఆ ‘నైతిక’ శబ్దమునకు ఆయన ఉద్దేశించిన అర్థము విశాలమైనదే కాని, పేరులోనే పిల్లవానిపై నేరము మోపినట్లయ్యెనని మాకు తోచును.

అసలు కథకు అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రమునకు పోవలెను. టెలిఫోను వ్యాపారము ఇంకను శైశవదశలో నుండగా దానియందు ధనము పెట్టి లాభపడిన జార్జి బ్రాడ్లీ యను ఆయనకు ఎమ్మా యను కుమార్తె యుండెను. ఏడేండ్ల ప్రాయమున ఆ బాలికకు మెదడువాపు సోకి, ఆమె జీవితాంతము కోలుకొనలేదు. అట్టి పిల్లలకు చికిత్స చేయు స్థలము ఆ తల్లిదండ్రులకు ఎచ్చటను కానరాలేదు. కావున తమ ఆస్తిని అందుకై వినియోగింపవలెనని వీలునామా వ్రాసిరి. 1931లో ఈస్ట్ ప్రావిడెన్సున ఎమ్మా పేరిట పిల్లల వైద్యశాల వెలసినది. జార్జికి మనుమని వరుస వాడగు డాక్టరు చార్లెస్ బ్రాడ్లీ కొలది కాలమునకే దానికి అధికారి యయ్యెను.

ఆ రోజులలో మెదడును ఛాయాచిత్రము తీయుట యనగా చిన్న హింస కాదు. వెన్నులో సూది గ్రుచ్చి, మెదడు చుట్టును ఉండు ద్రవమును తీసివైచి, ఆ స్థానమున గాలి నింపి, అటుపిమ్మట ఎక్స్‌రే తీసెడివారు. పిల్లలు తలనొప్పితో దినముల తరబడి విలవిలలాడెడివారు. ఆ ద్రవము త్వరగా ఊరినచో నొప్పి తగ్గునని యూహించి బ్రాడ్లీ వారికి బెంజెడ్రిన్ అను ఉత్తేజకౌషధము నిచ్చెను. తలనొప్పి తగ్గలేదు. కాని బడిపంతుళ్ళు వచ్చి, కొందఱు పిల్లలు ఉన్నట్టుండి పాఠములు శ్రద్ధగా చదువుచున్నారని చెప్పిరి. ఇతరుడెవడైన నవ్వి యూరకుండెడివాడు. బ్రాడ్లీ ఊరకుండలేదు.

ఐదేండ్లు మొదలు పదునాలుగేండ్ల వఱకు ప్రాయము గల ముప్పదిమంది పిల్లలను ఆయన ఎన్నుకొనెను. ఒక వారము మందు లేక పరిశీలించుట, ఒక వారము ప్రతి యుదయము మందిచ్చుట, మూడవ వారము మరల మానివేయుట—ఇదియే ఆయన పద్ధతి. పదునలుగురు పిల్లలకు చదువులో ఆశ్చర్యకరమైన అభివృద్ధి కనిపించెను. అది మందు పుచ్చుకొన్న మొదటి దినముననే కనిపించి, మానివేసిన దినముననే మాయమయ్యెను. పదునైదుగురు అల్లరి తగ్గి నెమ్మదించిరి. పిల్లలే వానికి ‘లెక్కల మాత్రలు’ అని ముద్దుపేరు పెట్టుకొనిరి. 1937 నవంబరులో ఈ ఫలితములు అమెరికా మానసిక వైద్యుల పత్రికలో ప్రకటితమయ్యెను.

పెద్దలను నిద్రపోనీయని మందు పిల్లలను నెమ్మదింపజేయుట విరుద్ధముగా నున్నదని బ్రాడ్లీ తానే వ్రాసెను. మెదడులో నిగ్రహించు భాగములును ఉండును గదా, మందు వానిని మేల్కొలుపుచున్నదేమో యని ఒక యూహ కూడ చేసెను. ఆ ముప్పదిమందియు ఒకే వ్యాధి కలవారు కారు. వారి చిక్కులు పలు రకములు. ఉత్తుత్తి మాత్ర లిచ్చి పోల్చి చూచుటయు జరుగలేదు. అయినను మూడు వారముల పట్టికను ఇంత నిజాయితీతో వ్రాసిపెట్టిన వారు ఆ కాలమున అరుదు.

అటుపిమ్మట సుమారు ఇరువది యేండ్లు ఆ వ్యాసమును పట్టించుకొన్నవారు కొద్దిమందియే. అమెరికా మానసికవైద్యమున అప్పుడు మనోవిశ్లేషణవాదము రాజ్యమేలుచుండెను. పిల్లవాని చాంచల్యమునకు తల్లిదండ్రుల పెంపకమునందే హేతువు వెదకుచుండిరి. ఇంతలో స్విట్జర్లండులో సీబా కంపెనీ రసాయనికుడగు పానిజ్జోన్ 1944లో మిథైల్‌ఫెనిడేటును తయారుచేసెను. ఆయన భార్య రీటా పేరు మీదుగా అది 1954లో రిటాలిన్ అను పేర అంగడికెక్కినది. మొదట దానిని అమ్మినది పెద్దల అలసటకును, దిగులుకును. 1960ల తొలిభాగమున ఐసెన్‌బర్గ్, కానర్స్ అను వైద్యపరిశోధకులు ఉత్తుత్తి మాత్రలతో పోల్చి పిల్లలపై పరీక్షించిన తరువాతనే శాస్త్రలోకము మరల బ్రాడ్లీని జ్ఞప్తికి తెచ్చుకొన్నది.

పేర్ల మార్పు వేఱొక ప్రహసనము. మెదడుకు స్వల్పమైన దెబ్బ తగిలినదనిరి. దెబ్బ కానరాకపోగా మెదడు పనిలో స్వల్పలోపమనిరి. అమెరికా మానసిక వైద్యసంఘము 1968లో అతిచలనమును ముఖ్యలక్షణముగా పేర్కొన్నది. కెనడాలో వర్జీనియా డగ్లస్ అను విదుషి అసలు లోపము కాలుసేతుల యందు కాదు, నిలుకడగా గమనించుటయందును, తొందరను ఆపుకొనుటయందును ఉన్నదని చూపగా, 1980లో అవధానలోపమను పేరు వచ్చినది. ఇప్పటి పేరు 1987 నాటిది.

ఇన్ని పేర్లు మారినను రక్తపరీక్ష గాని, మెదడు చిత్రము గాని దీనిని నిర్ణయింపజాలవు. అట్లయినచో మందునే పరీక్షగా వాడరాదా? మందు పనిచేసినచో రోగమున్నట్లే గదా యని చాలమంది నమ్మియుండిరి. ఈ నమ్మకమును జూడిత్ రాపొపోర్ట్ బృందము 1978లో తలక్రిందులు చేసెను. వారు ఏ రుగ్మతయు లేని పదునలుగురు బాలురకు ఒక్కొక్క మోతాదు ఆంఫెటమిను జాతి మందు నిచ్చి చూచిరి. వారును నెమ్మదించిరి, వారి యవధానమును పెరిగెను. అనగా బ్రాడ్లీ కంటబడిన ‘వైరుధ్యము’ రోగలక్షణమే కాదు. ఈ విషయమున ఇంతకంటె ముఖ్యమైన ప్రయోగము మఱియొకటి లేదని మా యభిప్రాయము. మందుచే బాగుపడుట రోగమునకు సాక్ష్యము కాదని తేలిన పిమ్మట వైద్యునకు మిగిలిన దారి యొక్కటే: ఇంటివారిని, బడివారిని అడిగి, ఏండ్ల నడవడిని ఓపికతో తెలిసికొనుట.

ఆ యోపిక లేనిచోట నేమి జరుగునో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రపు లెక్కలు 2012లో బయటపెట్టినవి. అచ్చట డిసెంబరు 31 బడిలో చేర్చు వయస్సునకు గడువు. ఆరు మొదలు పండ్రెండేండ్ల వఱకు గల తొమ్మిది లక్షలకు పైబడిన పిల్లల వివరములు చూడగా, తరగతిలో కెల్ల చిన్నవారైన డిసెంబరు పిల్లలలో, జనవరి పిల్లలకంటె ఈ రుగ్మత బాలురకు 30 శాతమును, బాలికలకు 70 శాతమును అధికముగా నిర్ణయింపబడినదట! పుట్టిన నెలకును మెదడు రుగ్మతకును సంబంధమేమి? పదునొకండు నెలలు చిన్నయైన పసివాని పసితనమే కొన్నియెడల రోగముగా వ్రాయబడుచున్నదన్నమాట.

చికిత్స విషయమున అమెరికాలో 579 మంది పిల్లలపై పదునాలుగు నెలలు జరిగిన పరిశోధన 1999లో వెలువడినది. శ్రద్ధగా మోతాదు సరిచూచుచు, నెలనెలా విచారించుచు ఇచ్చిన మందు, నడవడి శిక్షణకంటె ముఖ్యలక్షణములను ఎక్కువగా తగ్గించినది. కాని తమ యూరి వైద్యుల కడకే పోయిన పిల్లలలోను మూడింట రెండు వంతులవారు మందు వాడినవారే. వారికి అంత మేలు కలుగలేదు. మందు ఒక్కటే యైనను కనిపెట్టి చూచుటలో భేదమున్నది. మూడేండ్లు గడచునప్పటికి ఆ వర్గముల మధ్య తారతమ్యము మాసిపోయెను. మందు విడువక వాడిన పిల్లల యెత్తు కొంచెము తగ్గినట్లును తేలినది. ఇట్టి మందులకు వ్యసనగుణమును కలదు గనుకనే మన దేశమున మిథైల్‌ఫెనిడేటును 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నియంత్రించియున్నారు.

ఇక పెద్దల మాట. మీసములు వచ్చుసరికి ఇది తనంతట పోవునని వైద్యులు చిరకాలము నమ్మిరి. 1976లో యూటా రాష్ట్రమున వెండర్ ప్రభృతులు పెద్దలయందును దీనిని వర్ణించి, చికిత్స చేసి చూపిరి. వారు రోగి మాటతోనే తృప్తిపడక, వాని బాల్యమును గూర్చి తల్లిదండ్రులను కూడ విచారించిరి. 2013లో పెద్దలకు నియమములు కొంత సడలింపబడినవి: తొమ్మిదింట ఆఱు లక్షణములకు బదులు ఐదు చాలును, అవి ఏడవ యేటికి బదులు పండ్రెండవ యేటికి లోపల పొడసూపియుండవలెను. కాని న్యూజిలండులోని డునెడిన్ నగరమున, పుట్టినది మొదలు సుమారు వేయిమందిని కనిపెట్టి చూచుచున్న పరిశోధకులు 2015లో వింత సంగతి చెప్పిరి. ముప్పది యెనిమిదవ యేట ఈ లక్షణములు కనిపించిన వారిలో నూటికి తొంబదిమందికి బాల్యమున ఇది నిర్ణయింపబడనేలేదు! అట్టివారిలో పలువురి చాంచల్యమునకు మత్తుపదార్థములో, దిగులో, వేఱొక మానసిక వ్యాధియో కారణమని తరువాతి పరిశోధన సూచించినది. కనుక నలుబదియేండ్ల ఉద్యోగి తనకు మనస్సు నిలుచుట లేదని వచ్చినపుడు, జాగరూకుడగు వైద్యుడు మాత్రల చీటీ వ్రాయుటకు ముందు, ఆయన నాలుగవ తరగతినాటి ప్రోగ్రెస్ కార్డు ఇంటిలో నెచ్చటనైన నున్నదేమో వెదకి తెమ్మనును.