పాత్ర

మెదకు సీమలో, ఎల్దుర్తి వంటి ఊళ్లలో, యాసంగి కోతలు ముగిసి ఎండలు ముదిరిన దినములలో చెర్విరాల భాగయ్యగారు వ్రాసిన యక్షగానమునో మఱియొక భాగవతమునో ఆడ సంకల్పించినవారికి మొదట ఎదురగు కార్యము, ఎవరికి ఏ వేషము తగునో గొంతు విని, తాళజ్ఞానము చూచి, నిర్ణయించుట. ఆ తగుదలను గర్భమున దాల్చిన మాట ‘పాత్ర’.

సంస్కృతమున ‘పా’ ధాతువునకు త్రాగుట యని అర్థము. త్రాగుటకు సాధనమైనది పాత్రము. నిఘంటుకర్త అమరసింహుడు ఆ పదమునకు భాజనమనియు, యోగ్యమనియు రెండర్థములు చెప్పినాడు. పోసినదానిని ఒలుకనీయక నిలుపుకొను గిన్నెవలె, ఇచ్చినదానిని వ్యర్థము కానీయనివాడు దానమునకు పాత్రుడు. నందికేశ్వరుడు అభినయదర్పణమను నాట్యగ్రంథమున ఆడు నర్తకినే ‘పాత్ర’ యని వ్యవహరించి, ఆమెకు వేగము, స్థిరత్వము, రేఖ, భ్రమరి, దృష్టి, అలసట లేమి, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతము అను 10 ప్రాణములను చెప్పెను. వానిలో శ్రద్ధకు చోటు దక్కుట నాకు మిక్కిలి సంతోషము. ఆ గ్రంథమే మఱీ పొట్టివారిని, మఱీ పొడవరులను, గూనివారిని వర్జింపుమనుటను మాత్రము నేను అంగీకరింపజాలను.

కాలక్రమమున ఆ మాట వాడుక మారినది. వేషము కట్టి ఆడెడివారు నటులైరి. కథలోని కృష్ణుడును కీచకుడును పాత్రలైరి. పల్లెవారు నేటికిని ‘వేషము’ అనియే అందురు.

ఈ వేసవి మీ యూర భాగవతము కట్టుచున్నచో, బెరుకుతో వెనుక నిలిచిన పిల్లవానిని కూడ ఒకమాఱు పిలిచి పాడనీయుడు.