చిలప నూలు

చీర కొనేటప్పుడు రంగు చూస్తాం, అంచు చూస్తాం, బేరమాడతాం. నూలు ఎక్కణ్ణించి వచ్చిందని అడిగే ఇల్లాలుందా? నేతగాడి కష్టమంతా అక్కడే ఉంది.

పూర్వం ఊళ్ళో ఆడవాళ్ళు వడికిన నూలే మగ్గమెక్కేది. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు మిల్లు నూలు దిగింది, రాట్నాలు అటకెక్కాయి. అప్పట్నించీ మగ్గం నేతగాడిది, నూలు మిల్లుది.

చేతిమగ్గానికి కావలసింది చిలపలుగా చుట్టిన నూలు. మిల్లులు బజారుకి పంపే నూలులో సగం చిలపలుగానే ఉండాలని ప్రభుత్వం నియమం పెట్టింది. 2003లో ఆ సగం 40 శాతమైంది. ఆ చిలపల్లోనూ కొన్ని దారితప్పి మరమగ్గాల గుమ్మాలెక్కాయి!

1985లో చీర, ధోవతి, లుంగీ వగైరా 22 రకాలు చేతిమగ్గానికే అని చట్టం చేశారు. మరమగ్గాలవాళ్ళు కోర్టుకెక్కారు. 1993లో సుప్రీంకోర్టు చట్టం చెల్లుతుందంది. సంబరపడేలోగా 1996లో 22 కాస్తా 11 అయ్యాయి.

పెట్టుబడి లేనివాడు షావుకారు దగ్గర నూలు అరువు తెచ్చి, నేసిన చీర ఆయనకే ఇస్తాడు. నూలు ధరా ఆయన చెప్పిందే, చీర ధరా ఆయన చెప్పిందే. సహకార సంఘాలు పెట్టింది ఈ ముడి విప్పడానికే. సంఘంలో నూలు నిండుకున్న నెల, నేతగాడు మళ్ళీ ఆ షావుకారు అరుగు మీదే కూర్చుంటాడు.