భీమిలి ఇసుకలో అయస్కాంత గుణాలు

భీమునిపట్నం: గోస్తనీ నది సముద్రంలో కలిసే ఈ తీరంలో నల్లని, ఎర్రని ఇసుక చారలు కనిపిస్తాయి. తూర్పు కనుమల్లోని ఖోండలైట్, చార్నోకైట్ శిలలు శిథిలం కాగా నదులు మోసుకొచ్చిన బరువైన ఖనిజాలను అలలు ఏరి పేర్చడమే ఇందుకు కారణం. నలుపు ప్రధానంగా ఇల్మనైట్‌ది, ఎరుపు గార్నెట్‌ది. సిల్లిమనైట్, జిర్కాన్, రూటైల్, స్వల్పంగా మాగ్నటైట్, మోనజైట్ కూడా ఉంటాయి.

పిల్లలు ఆడుకునే అయస్కాంతానికి చప్పున అంటుకునేది మాగ్నటైట్. ఇల్మనైట్‌లోనూ ఇనుము ఉంది. కాని మామూలు ఉష్ణోగ్రత వద్ద అది బలహీన అయస్కాంత పదార్థమే. సున్నాకు 210 డిగ్రీలకు పైగా దిగువకు చల్లబరిస్తేగాని అందులోని ఇనుప అయాన్లు క్రమమైన అమరికకు రావు. అందుకే ఖనిజాల శుద్ధి కర్మాగారాల్లో ఇల్మనైట్, గార్నెట్‌లను వేరుచేయడానికి సుమారు 1 టెస్లా స్థాయి క్షేత్రాలు వాడతారు. భూమి అయస్కాంత క్షేత్రానికి ఇది ఇరవై వేల రెట్లకు పైమాటే. మోనజైట్‌కు అంతకంటే బలమైన క్షేత్రం కావాలి. జిర్కాన్, రూటైల్ దేనికీ లొంగవు.

వీటిలో శాస్త్రజ్ఞులకు ఆసక్తికరమైనది గార్నెట్ స్ఫటిక నిర్మాణం. అందులో కొన్ని అయాన్లు మూలలు కలిసిన త్రిభుజాలుగా కూర్చుని ఉంటాయి. పొరుగు స్పిన్‌లు పరస్పరం ఎదురు దిశల్లో నిలవాలన్నది నియమమైతే, త్రిభుజంలో ఇద్దరికి కుదిరింది మూడోవారికి కుదరదు. ఇటువంటివాటిని ‘ఫ్రస్ట్రేటెడ్’ అయస్కాంతాలంటారు. ప్రయోగశాలలో తయారయ్యే గడోలినియం గాలియం గార్నెట్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. పరమశూన్యం దరిదాపుల్లో కూడా అది సాధారణ క్రమానికి రాదు. సుమారు 1 టెస్లా క్షేత్రంలో మాత్రం వస్తుంది.

క్వాంటమ్ ప్రభావం బలంగా ఉన్నచోట ఇంకా వింత జరుగుతుంది. శ్రీరామ్ శాస్త్రి, బిల్ సదర్లాండ్ 1981లో ప్రతిపాదించిన నమూనాకు సరిపోయే స్ట్రాన్షియం కాపర్ బోరేట్‌లో, క్షేత్రం పెంచుతున్నా అయస్కాంతీకరణ గరిష్ఠ విలువలో ఎనిమిదో వంతు, నాలుగో వంతు వద్ద మెట్లవలె ఆగిపోతుందని 1999లో జపాన్ పరిశోధకులు వెల్లడించారు. భీమిలి గార్నెట్‌లో ఇటువంటి మెట్లు వెతకడం వృథా; ఖనిజ రేణువులు అంత స్వచ్ఛమైనవి కావు.

స్థానికులకు ముఖ్యమైనది మోనజైట్. అందులో అణుఇంధన ధాతువైన థోరియం ఉంటుంది. ఇది ఏమాత్రం ఉన్నా తీర ఇసుక తవ్వకం ప్రభుత్వ సంస్థలకే పరిమితమయ్యేలా కేంద్రం 2019లో నిబంధన మార్చింది. ఎవరు తవ్వినా తీరం కోత భయం తప్పదు. సమీపంలోని ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. ఆ దిబ్బల ఎరుపు గార్నెట్‌ది కాదు, రేణువులపై పూతలా పట్టిన ఇనుప ఆక్సైడ్‌ది.